కమిషనర్ గారూ, పిల్లల సర్వేకి ఒక రసీదు ఇప్పించండి

మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారం. నేను ఈ ఊళ్లోనే ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ బాధ్యత కూడా నాదే. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వచ్చి తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చినవాళ్ల అర్జీకి ఒక నంబరు పడుతుంది. అది ఏ అధికారి దగ్గర ఆగిందో అడగడానికి వీలుంటుంది. మా విద్యార్థులు ఒక్కొక్కరు 180 గంటలు వెచ్చించి ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చిన సర్వేకి ఆపాటి గౌరవం కూడా దక్కడం లేదు. ఈ లేఖ దాని గురించే.

2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి రాష్ట్ర ఉన్నత విద్యామండలి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును పెట్టింది. మొదటి సంవత్సరం అయ్యాక వేసవి సెలవుల్లో చేయాలి. దానికి నాలుగు క్రెడిట్లు. ఒక బస్తీనో పల్లెనో ఎంచుకుని ముందు సామాజిక, ఆర్థిక సర్వే చేస్తారు. తర్వాత అవగాహన కార్యక్రమాలు, ఆపైన ఒక సమస్య మీద ప్రాజెక్టు, చివర్లో నివేదిక. కాగితం మీద చూస్తే వంక పెట్టడానికేం లేదు. నివేదికని స్పైరల్ బైండింగ్ చేయించి మాకిస్తారు, మేం మార్కులు వేస్తాం. అక్కడి నుంచి అది డిపార్ట్‌మెంట్ బీరువాలోకి వెళ్తుంది. బీరువా నిండితే పాత కాగితాల తూకానికి పోతుంది. ఈ సంగతి సీనియర్లు జూనియర్లకి చెప్పకుండా ఉంటారా? రెండో బ్యాచ్‌కో మూడో బ్యాచ్‌కో జిరాక్స్ షాపులో పేరూ, కాలనీ మార్చి ప్రింటు తీసుకునే రిపోర్టులు మొదలవుతాయి. ఈ కాలం పిల్లలకి బద్ధకం ఎక్కువని మా స్టాఫ్ రూములో కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఎవరూ చదవరని తెలిసిన రాతని శ్రద్ధగా రాయడం మనలో ఎంతమందికి చేతనవుతుంది?

సర్వేకి జవాబులు చెప్పే జనానిది ఇంకో విసుగు. కొండవాలు కాలనీలో మెట్లెక్కి వెళ్లిన మా అమ్మాయిలతో ఒకావిడ అన్నమాట ఇది: "మల్లీ రాసుకోడానికొచ్చేరా అమ్మా? పోయినేడూ రాసుకెల్లేరు కదా, ఏటయ్యింది?" దానికి మా దగ్గర జవాబు లేదు. ఇంకొందరైతే పేరు చెప్పడానికే జంకుతారు. ఫ్రిజ్ ఉందని చెబితే రేషన్ కార్డు తీసేస్తారేమోనని వాళ్ల భయం. నిరుడు రాసుకెళ్లిన దాని మీద చిన్న పనైనా జరిగి ఉంటే, ఈ ఏడు వెళ్లిన పిల్లలకి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టేవారు.

డెంగీ సంగతి చూడండి. నా సబ్జెక్టు కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. కొండమీద ఇళ్లకి కుళాయి అన్నివేళలా రాదు. వచ్చినప్పుడు పట్టుకుని డ్రమ్ముల్లో నిల్వ చేసుకుంటారు. డెంగీని మోసే ఏడిస్ దోమకి కావలసింది అలాంటి తేట నీరే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే అని పెట్టారు, వారానికొకసారి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమని. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచున డ్రమ్ము గోడకి అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అంచంతా పీచుతో గట్టిగా రుద్దాలి. ఇదంతా మైదానంలో ఉన్నవాళ్లకి చెప్పొచ్చు. బిందె నెత్తినపెట్టుకుని అన్ని మెట్లెక్కిన మనిషితో నీళ్లు పారబొయ్యమంటే నవ్వి ఊరుకుంటుంది. అక్కడ చెప్పాల్సింది డ్రమ్ముకి పాత చీర ముక్క బిగించి కట్టమని, నీళ్లు అడుగంటిన రోజున అంచు తోమమని. కరపత్రంలో ఈ తేడా ఉండదు. నాలుగు వారాలు వరసగా ఆ మెట్లెక్కిన పిల్లలకి మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

నూరిళ్లు చూస్తే ఎన్ని ఇళ్లలో లార్వా (నీళ్లలో ఉండే దోమపిల్ల) కనబడిందో అది హౌస్ ఇండెక్స్. టార్చిలైటు, నోటుపుస్తకం ఉంటే డిగ్రీ విద్యార్థి చేయగల పని. కానీ ఒక్కసారి లెక్కపెడితే ఉపయోగం లేదు, వారం వారం లెక్కపెట్టాలి. అదీ వానలు మొదలయ్యాక, జూలై నుంచి నవంబరు దాకా. మన ప్రాజెక్టు ఎప్పుడు జరుగుతుంది? మే ఎండల్లో. దోమలు పెరిగే కాలానికి పిల్లలు క్లాసుల్లో ఉంటారు, మీ మలేరియా విభాగం సిబ్బంది ఒంటరిగా తిరుగుతుంటారు. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరుకి రెండేళ్లలో 240 గంటల సేవ ఉంది. ఆ గంటల్లో కొన్నిటినైనా శుక్రవారాలకి మళ్లిస్తే కొత్తగా పైసా ఖర్చు ఉండదు.

ఆ గంటలు ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయో మీకు తెలియంది కాదు. "రేపు ఉదయం ఆరింటికి మీ కాలేజీ నుంచి రెండు వందల మంది ఆర్కే బీచ్‌కి" అని ముందురోజు సాయంత్రం ఫోను వస్తుంది. ఎందుకని అడిగే పని లేదు. ర్యాలీ కావొచ్చు, ప్రతిజ్ఞ కావొచ్చు. 2022 ఆగస్టు 26న గోకుల్ బీచ్ నుంచి భీమిలి దాకా 28 కిలోమీటర్ల తీరంలో వేలమంది కలిసి 76 టన్నుల ప్లాస్టిక్ ఏరారు. అది చిన్న విషయమని నేననను, విద్యార్థులు పోటీపడి పనిచేశారు. అయితే వాన కురిసిన మర్నాడు బీచ్‌కి వెళ్తే గెడ్డలు, అంటే ఊళ్లోంచి పారే వాగులు, తెచ్చి పోసిన కవర్లు మళ్లీ కనబడతాయి. చెత్త పుట్టేది కాలనీలో, కొట్టుకొచ్చేది గెడ్డలో. మనం మాత్రం కెమెరా పెట్టడానికి వీలుగా సముద్రం ఒడ్డునే ఏరుతున్నాం. (స్వచ్ఛత మీద జరిగే కార్యక్రమానికి ఫ్లెక్సీ కట్టడం ఇంకా మానలేదు, అది వేరే కథ.)

రక్తదానానిదీ ఇదే వరస. ఎవరిదో పుట్టినరోజున ఒకే పూట వందల మంది ఇచ్చేస్తారు. ప్లేట్‌లెట్లు నిల్వ ఉండేది అయిదు రోజులే. ఒకసారి ఇచ్చిన అబ్బాయి మూడు నెలలు, అమ్మాయి నాలుగు నెలలు ఆగాలి. ఆ మధ్యలో అవసరం పడితే వాళ్లని పిలవలేం.

1969 సెప్టెంబరు 24న గాంధీజీ శతజయంతి ఏడాది 37 విశ్వవిద్యాలయాల్లో ఎన్‌ఎస్‌ఎస్ మొదలుపెట్టినవాళ్లు ఇలా అనుకోలేదు. ఒక ఊరినో వాడనో దత్తత తీసుకుని అక్కడే పనిచేయమన్నారు. ఇప్పుడు దత్తత మా బోర్డు మీద ఉంటుంది, ఏడు రోజుల క్యాంపు అవగానే గ్రూపు ఫొటోతో సరి. ఈ ఊరి విద్యార్థులకి పిలుపులు కొత్త కాదు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం వీధుల్లోకొచ్చారు, 2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మర్నాడు కూలిన చెట్లు తొలగించడానికి ఎవరూ పిలవకుండానే వచ్చారు. పని కళ్లెదుట ఉంటే వాళ్లు వస్తారు.

మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను. నగరంలో 98 వార్డులున్నాయి, ప్రతి వార్డుకీ సచివాలయాలున్నాయి. ఏ కాలేజీకి ఏ కాలనీ అన్నది ఒక్కసారి నిర్ణయించి, ఏళ్ల తరబడి మార్చకండి. ఈ ఏటి బ్యాచ్ ఎక్కడ ఆపితే వచ్చే ఏటి బ్యాచ్ అక్కడ అందుకుంటుంది. విద్యార్థుల నివేదికని వార్డు అడ్మినిస్ట్రేటివ్ కార్యదర్శి తీసుకుని ముద్ర వేసి, నంబరిచ్చి, నెల రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వాలని ఒక సర్క్యులర్ పంపండి. పని అయిందని రాయనక్కర్లేదు. "నిధులు లేవు", "ఇది రైల్వే స్థలం, మా పరిధిలో లేదు" అని రాసినా చాలు. పిల్లలకి ప్రభుత్వం ఎలా పనిచేస్తుందో ఆ ఒక్క కాగితం మా సిలబస్ కంటే బాగా చెబుతుంది, కొండవాలు కాలనీలో అడిగిన ఆవిడకి మా దగ్గర జవాబూ ఉంటుంది. గంటల్లో కొంత భాగాన్ని వానాకాలానికి మార్చే విషయం ఉన్నత విద్యామండలిది. మీ తరఫున ఒక ఉత్తరం వెళ్తే మా ప్రిన్సిపాళ్లు రాసే పది ఉత్తరాలకంటే త్వరగా కదులుతుంది.

సచివాలయ సిబ్బందికి ఇప్పటికే తలకి మించిన సర్వేలున్నాయని మీరనొచ్చు. నిజమే. అందుకే కొత్త ఫారం ఏదీ అడగడం లేదు. ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు మా పిల్లలు ముట్టుకోకూడదని కూడా ఆ సర్క్యులర్‌లోనే రాయించండి, జనం భయం సగం తగ్గుతుంది. పారిశుద్ధ్య కార్మికుల పనిని విద్యార్థుల మీదికి నెట్టమనీ నేననడం లేదు. గెడ్డల్లో దిగాల్సిన పని పిల్లలది కాదు, ఆ మాటకొస్తే రక్షణ సామగ్రి లేకుండా ఎవరిదీ కాదు.

ముందు ఒక్క జోన్‌లో, నాలుగైదు కాలేజీలతో చేసి చూడండి. జూలై మొదటి శుక్రవారానికి కాలనీ పేరు, కార్యదర్శి ఫోన్ నంబరు మాకు అందితే చాలు. టార్చిలైట్లు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్,
విశాఖపట్నం