ఏడు గంటల తర్వాత నాట్యం నేర్పేవారు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా వీధి చివర అద్దెకుంటున్న ఒకామె వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ వైపు మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. వయసు ముప్పై దాటింది, ఇద్దరు పిల్లలు. కిలోల లెక్కన కూలి కనుక తెల్లవారకముందే బయలుదేరి పొద్దుగూకాక ఇల్లు చేరుతుంది. ఏటా బతుకమ్మ ఆటలో అలుపెరగని ఈమెకు కాకతీయుల నాటి పేరిణి నాట్యంలో స్త్రీలు ఆడే పేరిణి లాస్యం నేర్చుకోవాలని కోరిక. నిరుడు శివరాత్రికి రామప్ప గుడిలో మదనికలను, అంటే నాట్యభంగిమల్లోని స్త్రీ శిల్పాలను, చూసి వచ్చాక అది పట్టుదలగా మారింది.

తోడు రమ్మంటే నగరంలోని రెండు శిక్షణ కేంద్రాలకు నేనూ వెళ్లాను. మొదటి చోట తరగతులు సాయంత్రం ఐదింటికి మొదలై ఆరున్నరకే ముగుస్తాయన్నారు. రెండో చోట ఫీజు, గజ్జెలు, దుస్తులు, ప్రదర్శన ఖర్చులు ఏకరువు పెట్టి, ‘ఈ వయసులో ఎందుకమ్మా, అరమండికి మోకాళ్లు సహకరించవు’ అన్నారు. అరమండి అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలిచే భంగిమ. రోజుకు పది గంటలు గొంతుకూర్చుని మిర్చి ఏరే మనిషి మోకాళ్ల గురించి ఆ మాట అనడం నాకు వింతగా తోచింది.

కాకతీయ గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) జాయప సేనాని 1253-54 ప్రాంతంలో రచించిన నాట్యశాస్త్ర గ్రంథం నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలుంటే, నాలుగింటిని మార్గ (శాస్త్రీయ) నృత్తానికి, తక్కిన నాలుగింటిని దేశి (ప్రాంతీయ) నృత్తానికి కేటాయించాడు. పేరిణితో పాటు కోలాటం, చిందు వంటి జనం ఆటలకూ అందులో చోటిచ్చాడు. ఆ గ్రంథమూ రామప్ప శిల్పాలూ ఆధారంగా డాక్టర్ నటరాజ రామకృష్ణ పునరుద్ధరించిన కళ, ఆ శిల్పాలున్న నేల మీదే కూలి చేసుకునే స్త్రీకి వేళ కుదరక అందకుండా పోవడం అన్యాయం. 2021లో రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా పండుగ చేసుకున్నాం కూడా.

కనుక నగరపాలక సంస్థ, భాషా సాంస్కృతిక శాఖ కలిసి కొత్తవాడ, ఎనుమాముల వంటి శ్రామిక వాడల్లోని కమ్యూనిటీ హాళ్లలో వారానికి మూడు రోజులు, రాత్రి ఏడున్నర నుంచి గంటసేపు, వయోపరిమితి లేని ఉచిత తరగతులు ప్రారంభించాలని కోరుతున్నాను. నాట్యంలో డిప్లొమా చేసి ఖాళీగా ఉన్న యువతకు గౌరవ వేతనమిస్తే గురువుల కొరత ఉండదు. మిర్చి పని ముమ్మరంగా సాగే వేసవి నెలల్లో హాజరు పట్టింపు సడలించాలి, లేకుంటే ఈ ఏర్పాటు కాగితం మీదే మిగులుతుంది.

ప్రస్తుతం ఆమె రాత్రిపూట డాబా మీద ఫోన్‌లో చూస్తూ అడుగులు వేస్తోంది. మిర్చి ఘాటుకు మండే వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని, వేళ్లన్నీ చాచి పట్టే పతాక హస్తం పడుతోంది. తాళం తప్పితే దిద్దేవారు లేరు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, వరంగల్