విదేశాల్లో పాఠాలు చెప్పిన ఏళ్లు లెక్కలోకి రావా?

సంపాదకులకు నమస్కారం.

ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో పనిచేసి తిరిగివచ్చిన తెలుగు అధ్యాపకులకు ఎదురవుతున్న ఒక ఇబ్బందిని మీ పత్రిక ద్వారా రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్ల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. అక్కడ మేము చేసిన సర్వీసును ఇక్కడ చాలా కళాశాలలు, ఎంపిక కమిటీలు సర్వీసుగా పరిగణించడం లేదు. పరిగణించకూడదన్న నిబంధన ఉందా అంటే అదీ లేదు.

ఆ దేశానికి మనవాళ్లు పంతుళ్లుగా వెళ్లడం కొత్త కాదు. హైలీ సెలాసీ చక్రవర్తి కాలంలోనే కేరళ నుంచి ఎందరో ఉపాధ్యాయులు వెళ్లి అక్కడి బడుల్లో పనిచేశారు. 2000 తర్వాత ఇథియోపియా ప్రభుత్వం వరుసగా కొత్త విశ్వవిద్యాలయాలు తెరవడంతో వాటికి ఇంజనీరింగ్, వ్యవసాయం, మేనేజ్‌మెంట్ అధ్యాపకులు పెద్దసంఖ్యలో అవసరమయ్యారు. ఇక్కడి ప్రైవేటు కళాశాలల్లో నెలల తరబడి జీతాలు అందక విసిగిపోయిన మాలాంటివారు మెకెల్లె, గోండర్, జిమ్మా, హరమాయ, అదామా వంటి ఊళ్లకు కాంట్రాక్టు మీద వెళ్లాం. నేను దక్షిణాన అర్బా మింజ్‌లో జలవనరుల ఇంజనీరింగ్ బోధించాను.

అక్కడి పని గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఇక్కడ విరామంగా లెక్కిస్తున్నారు. ఇంట్లో అమ్హారిక్, ఒరోమో లేదా మరో భాష మాట్లాడే పిల్లలకు ఇంగ్లిషులో ద్రవప్రవాహ శాస్త్రం చెప్పాలి. కాలువలో నీటి వేగం కొలిచే మీటరు ఒక్కటే ఉండి అదీ మరమ్మతులో ఉన్నప్పుడు, అరటితోటలకు నీరందించే కాలువ గట్టుకు తరగతినంతా తీసుకువెళ్లి, తాడుతో కొంత దూరం కొలిచి, కర్రముక్కను నీటిలో వదిలి, అది ఆ దూరం దాటడానికి పట్టిన సమయాన్ని సెల్‌ఫోనులో చూసుకుని లెక్కలు కట్టించేవాళ్లం. పైపొరలో నీరు లోపలి నీటికంటే వేగంగా పోతుంది కనుక, వచ్చిన వేగాన్ని సుమారు 0.85తో ఎందుకు గుణించాలో బోర్డు మీద చెబితే తలాడించి ఊరుకునే విద్యార్థి, గట్టు మీద నిలబడి తనే అడిగేవాడు. మన గోదావరి జిల్లాల పంట కాలువల మీద ఈ పాఠం అంతకంటే సులువుగా చెప్పవచ్చు. ప్రయోగశాల లేని గ్రామీణ కళాశాలలకు ఇలాంటి అనుభవం అక్కరకు రాదని ఎవరూ అనలేరు.

తిరిగి రావడానికి ఒక్కొక్కరికి ఒక్కో కారణం. 2020 నవంబరులో ఆ దేశపు ఉత్తర ప్రాంతమైన టిగ్రాయ్‌లో యుద్ధం మొదలై మెకెల్లె ప్రాంతంలో ఉన్నవారు కట్టుబట్టలతో బయటపడవలసి వచ్చింది. మరికొన్నిచోట్ల స్థానికులే పీహెచ్‌డీలు పూర్తిచేసి మా స్థానాల్లోకి వచ్చారు, వారిలో మా విద్యార్థులూ ఉన్నారు. అది మాకు సంతోషమే.

అసలు చిక్కు ధ్రువపత్రాల దగ్గర మొదలవుతుంది. ఇథియోపియా పంచాంగంలో సంవత్సరానికి 13 నెలలు. వారి కొత్త సంవత్సరం సెప్టెంబరులో వస్తుంది. సంవత్సరం అంకె మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. నా అనుభవ పత్రంలో మస్కరమ్ 2005 నుంచి హమ్లే 2010 వరకు పనిచేసినట్టు ఉంది. మన లెక్కలో అది 2012 సెప్టెంబరు నుంచి 2018 జూలై వరకు. ఒక కళాశాలలో ధ్రువపత్రాల పరిశీలన జరిగినప్పుడు అక్కడి ఉద్యోగి నా ఎంటెక్ పట్టా మీద ఉన్న 2009ని, ఈ 2005ను పక్కపక్కన పెట్టి, ‘ఎంటెక్ కాకముందే వర్సిటీలో పాఠాలు చెప్పారా సార్?’ అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు, ఆయన చేతికిచ్చిన మార్గదర్శకాల్లో వేరే పంచాంగం ప్రస్తావనే లేదు. అడిస్ అబాబాలోని భారత రాయబార కార్యాలయం ముద్ర చూపించినా, తేదీల వివరణ పత్రం జతచేసినా, చివరికి ఆ గడిలో ‘అనుభవం: లేదు’ అని రాసుకున్నారు.

జీతం దగ్గర మరో మెలిక ఉంది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలు గత సర్వీసు జాతీయమైనదైనా అంతర్జాతీయమైనదైనా నియామకానికీ పదోన్నతికీ లెక్కించాలనే చెబుతున్నాయి. కాంట్రాక్టు సర్వీసును కూడా లెక్కించవచ్చు. కాకపోతే అర్హతలు తక్కువ కాకూడదు, సక్రమంగా ఏర్పాటైన ఎంపిక కమిటీ ద్వారా నియామకం జరిగి ఉండాలి, రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల వేతనానికి తగ్గని జీతం అంది ఉండాలి. మా జీతపు పత్రాలు ఇథియోపియా కరెన్సీ అయిన బిర్‌లలో ఉంటాయి. 2013 ప్రాంతంలో డాలరుకు 18, 19 బిర్‌లు ఉండేవి. 2024 జూలైలో మారకం రేటును మార్కెట్‌కు వదిలేసిన కొద్దిరోజుల్లోనే అది వంద దాటింది. నాటి జీతాన్ని నేటి రేటుతో రూపాయల్లోకి మారిస్తే ప్రొఫెసర్ జీతం కూడా అటెండరు జీతంలా కనిపిస్తుంది. పనిచేసిన కాలంనాటి రేటే వర్తిస్తుందని ఒక్క వాక్యం రాసిపెడితే తీరిపోయే సమస్య ఇది. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు కనీసం 8 సంవత్సరాల అనుభవం కావాలి గనుక, ఈ ఏళ్లు కొట్టివేస్తే మాలో చాలామంది ఆ గుమ్మం ఎక్కలేరు.

నకిలీ అనుభవ పత్రాల బెడద ఉన్నమాట నిజమే, పరిశీలన కఠినంగానే ఉండాలి. ఆ మాట కొస్తే ఇక్కడి కళాశాలల పేరిట పుట్టే పత్రాలు ఏమంత తక్కువ? విదేశీ విశ్వవిద్యాలయానికి ఒక ఈమెయిలు పంపి నిర్ధారించుకోవడం కష్టమైన పనీ కాదు, ఖర్చుతో కూడినదీ కాదు.

పిల్లల సంగతి వేరే లేఖకు సరిపోయేంత ఉంది. నాలుగేళ్లు వరుసగా ఇక్కడే చదివి ఉండాలన్న స్థానికత నిబంధన వల్ల, తల్లిదండ్రులతో అడిస్ అబాబాలో హైస్కూలు చదివిన పిల్లలు సొంత రాష్ట్రంలోనే స్థానికేతరులవుతున్నారని మాత్రం గుర్తుచేస్తాను.

కార్మికులను, నర్సులను విదేశాలకు పంపడానికి తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. వెళ్లి వచ్చినవారి సర్వీసు సంగతి చూసే కార్యాలయం మాత్రం నాకు కనబడలేదు. అందుకు కొత్త సంస్థ అక్కరలేదు. రెండు ఉన్నత విద్యామండళ్లు యూజీసీ నిబంధనను ఉటంకిస్తూ, పంచాంగ వ్యత్యాసం, మారకం రేటు, రాయబార కార్యాలయ ధ్రువీకరణ అనే మూడు అంశాలపై స్పష్టమైన సర్క్యులర్‌ను అన్ని విశ్వవిద్యాలయాలకు, వాటి అనుబంధ కళాశాలలకు పంపితే చాలు. అది తదుపరి నియామక ప్రకటనకు ముందే రావాలి. దరఖాస్తుల గడువు ముగిశాక ఇచ్చే వివరణ ఆ విడత అభ్యర్థులెవరికీ ఉపయోగపడదు.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజనీరింగ్ అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం