మల్లేశ్, ఆ బోర్డు రాయించకు

బల్లార్షా
ఆదివారం రాత్రి

ఒరేయ్ మల్లేశ్,

నువ్వు పంపిన హోటల్ ప్లాను నాలుగు రోజులుగా మా టేబుల్ మీదే ఉంది. సెకండ్ షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిని, ఒకసారి విప్పి చూసి మళ్ళీ మడిచి పెడుతున్నా. మంచిర్యాలలో, అదీ స్టేషన్‌కు అంత దగ్గరలో జాగా దొరకడం మాటలా? కింద పెద్ద ఏసీ హాలు, మెట్ల పక్కన చిన్న గది, పైన బార్, వెనక వంటిల్లు. చూస్తుంటే నాకే కడుపు నిండినట్టుంది. కానీ హాలు మీద పెన్సిల్‌తో 'పిల్లలు లేకుండా' అనీ, మెట్ల పక్క గది మీద 'ఫ్యామిలీ' అనీ రాశావు చూడు, అక్కడ నా కన్ను ఆగిపోయింది. హాలు తలుపు మీద అదే మాటతో బోర్డు రాయిస్తావట. ఫోన్‌లో మొదలుపెడితే మనిద్దరం మధ్యలోనే అరుచుకుంటాం. అందుకే కాగితం మీద పెడుతున్నా. మొత్తం చదివాకే ఫోన్ చెయ్యి.

నీ బాధ నాకు తెలియక కాదు. పాత మెస్‌లో ఇద్దరు పిల్లలు సాంబారు గిన్నె బోర్లించిన రోజు పక్క టేబుల్ వాళ్ళు సగం భోజనంలో లేచిపోయారని చెప్పావు. బ్యాంకు ఉద్యోగులు, పెళ్ళిసంబంధం మాట్లాడుకునేవాళ్ళు, ముసలివాళ్ళు నిమ్మళంగా కూర్చునే చోటు అడుగుతున్నారని రాశావు. అడగడంలో తప్పేం లేదు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన రోజు నాకూ చెంచా చప్పుడు కూడా తలలో మోగుతుంది.

మొన్న మహాకాళి జాత్ర రోజుల్లో చంద్రపూర్ పోయాం. నాందేడ్ నుంచీ మన ఆదిలాబాద్ వైపు నుంచీ వచ్చిన జనంతో గుడి చుట్టూ కాలు పెట్టే సందు లేదు. దర్శనం అయ్యాక ఒక హోటల్లో కూర్చున్నాం. పక్క టేబుల్ పిల్లవాడికి ఐదేళ్ళుంటాయి. కౌంటర్ నుంచి వంటింటి తలుపు దాకా, అక్కడి నుంచి మళ్ళీ కౌంటర్ దాకా ఒకటే ఉరుకుడు. తండ్రి ఫోన్‌లో ఉన్నాడు. తల్లి చంకలో చంటిది. వెయిటర్ కుర్రాడు దాల్ తడ్కా హండీ పట్టుకుని తలుపు తోసుకుని బయటికి రావడం, వీడు కాళ్ళకు అడ్డం పడడం ఒకేసారి జరిగింది. ఆ కుర్రాడు హండీని పిల్లవాడి మీద పడనివ్వలేదు. తన వైపే వంచుకున్నాడు. నెయ్యి సలసల కాగుతున్న పప్పు మణికట్టు మీద పడింది. చెయ్యి కడుక్కునే కుళాయి కింద చెయ్యి పెట్టి, పళ్ళు బిగించి నిలబడ్డాడు. నేను పోయి మరాఠీలో అడిగితే తెలుగులో జవాబిచ్చాడు. సిరోంచ వైపు పిల్లగాడట. "ఏం కాలే అన్నా, ఏం కాలే" అంటూనే ఉన్నాడు. చర్మం అప్పటికే ఎర్రగా పొంగుతోంది. అప్పుడు కూడా ఆ తండ్రి ఫోన్ చెవి దగ్గరి నుంచి తీయలేదురా.

కాబట్టి పిల్లలు ఏం చేసినా ఊరుకోవాలని నేను అనడం లేదు. వేడి వంటలు తిరిగే దారిలో పిల్లలు ఉరకకూడదు. ఆ మాట తల్లిదండ్రుల మొహం మీద చెప్పే ధైర్యం నీ మేనేజర్‌కు ఉండాలి. కానీ ఆ రోజు తప్పు చేసింది ఒక్క తండ్రి. అదే హాల్లో ఇంకో పది మంది పిల్లలు కూర్చుని తింటున్నారు. మా పాప చిన్ని కూడా ఉంది. ఆమె వేలితో పప్పన్నం కలుపుకుంటూ ఆ అన్న చెయ్యి వైపే చూస్తోంది. నీ బోర్డు ఆ పది మందినీ బయటికి పంపిస్తుంది.

విమానాల్లోనే చేస్తున్నారు కదా అన్నావు. నిజమే, ఇండిగో 2016లో 1 నుంచి 4, 11 నుంచి 14 వరుసలను నిశ్శబ్దంగా ఉంచుతామనీ, 12 ఏళ్ళ లోపు పిల్లలకు అక్కడ సీట్లు ఇవ్వమనీ చెప్పింది. అది గాలిలో ఉన్న బండి. మధ్యలో దిగిపోయే వీలు లేదు, ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా అదే బండి, అదే గాలి. జర్మనీలో రూగెన్ దీవి మీద ఒక రెస్టారెంటు 2018లో సాయంత్రం 5 దాటితే 14 ఏళ్ళ లోపు వాళ్ళను రానివ్వం అంది. దక్షిణ కొరియాలో అయితే ఇలాంటి చోట్లకు 'నో కిడ్స్ జోన్' అని పేరే ఉంది. జెజు దీవిలో ఒక ఇటాలియన్ రెస్టారెంటు 13 ఏళ్ళ లోపు పిల్లలను రానివ్వకపోతే, అది వివక్షేనని అక్కడి జాతీయ మానవ హక్కుల కమిషన్ 2017లో చెప్పింది. నాకు ఆ కమిషన్ మాటే సబబు అనిపిస్తుంది. ఇంతకన్నా దూరం పోను. మన సంగతి మన చుట్టూనే ఉంది.

మా చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ 1 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం, వచ్చింది, గుర్తుందిగా? పక్కన గడ్చిరోలిలో 1993 నుంచీ ఉంది. మా జిల్లాలో ఆరేళ్ళు నడిచింది. దొంగసారా పెరిగిందని చెప్పి 2021 మే నెలలో ప్రభుత్వం ఎత్తేసింది. అది మంచిదా చెడ్డదా అనే వాదన ఇప్పుడు వద్దు. ఆ ఆరేళ్ళలో నేను కళ్ళారా చూసిన ఒక్క సంగతి చెప్తా. స్టాండ్ దగ్గర ఒక హోటల్ ఉంది, పేరు వద్దులే. బోర్డు మీద 'బార్ అండ్ ఫ్యామిలీ రెస్టారెంట్' అని ఉండేది. బంద్ అయ్యాక 'బార్' అన్న ముక్క మీద తెల్ల రంగు కొట్టారు. లోపల పెద్ద హాలు ఒక్కసారిగా మా అందరికీ వచ్చేసింది. కిటికీ పక్క టేబుల్, పైన ఏసీ, కింద రోడ్డు మీద పోయే ఆటోలు. చిన్నికి అన్నప్రాసన అయిన రోజు పన్నెండు మందిమి అక్కడే తిన్నాం. మా అవ్వ జన్మలో మొదటిసారి ఏసీ హోటల్లో కూర్చుంది. చలి పెడుతోందని చెంగు కప్పుకుని, అయినా లేవనంటే లేవనంది.

2021లో బోర్డు మీద తెల్ల రంగు గీకేశారు. ఆ దసరాకు చిన్నిని తీసుకుని అదే హోటల్‌కు పోయాం. పాప కిటికీ టేబుల్ వైపు ఉరికింది. తనకు అది 'మన టేబుల్'. వెయిటర్ చెయ్యి అడ్డం పెట్టి, "ఫ్యామిలీ ఊపర్" అన్నాడు. పైకి పోతే ప్లైవుడ్ కొట్టి చేసిన నాలుగు గూళ్ళు, ఒక్కోదానికి మాసిన పరదా. ఫ్యాన్ తిరిగితే పరదా ఎగిరి కూరలో పడుతోంది. పక్కనే బాత్‌రూమ్. "నాన్నా, మనం ఏం తప్పు చేశాం?" అని అడిగింది చిన్ని. నా దగ్గర జవాబు లేదు. మీ చెల్లె ఆ రోజు సగం రొట్టె తిని చెయ్యి కడుక్కుంది.

నువ్వు మెట్ల పక్కన గీసిన గది నాకు ఆ ప్లైవుడ్ గూడులాగే కనబడింది మల్లేశ్. కిటికీ లేదు. ఏసీ లేదు. వంటింటి పొగ అటే వస్తుంది. పెద్ద హాలు పెద్దవాళ్ళకు, మిగిలింది తల్లీపిల్లలకు.

తల్లీపిల్లలకు అని కావాలనే రాశాను. నీ బోర్డు మీద పిల్లల మాటే ఉంటుంది కానీ, చంటిబిడ్డను ఇంట్లో వదిలి వచ్చే తల్లి మన బొగ్గుగని కాలరీ ఇళ్ళలో ఎంతమంది ఉన్నారు? తండ్రి స్నేహితులతో దర్జాగా వచ్చి ఏసీలో కూర్చుంటాడు. తల్లి ఇంటి దగ్గరే. మీ చెల్లె ఈ ఏడాది బయట భోజనం చేసింది మూడే మూడు సార్లు, మూడుసార్లూ చిన్ని పక్కనే ఉంది. వదినను అడుగు, చిన్నోడు పుట్టాక ఎన్నిసార్లు బయట తిన్నదో. ఆమె సొంత భర్త హోటల్లో పెద్ద హాల్లో ఆమెకే చోటు లేకపోతే ఎట్లా ఉంటుందో కూడా అడుగు.

మా అత్త కొడుకు ఇంగ్లండ్‌లో ఉన్నాడు కదా, వాడు ఈ గొడవ అక్కడ వేరేలా ఉంటుందన్నాడు. అక్కడ పబ్ అంటే ఊరికి రచ్చబండలాంటిది. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ పోయి తింటారు. ముఖ్యంగా తాగడానికే ఉన్న చోటయితే 16 ఏళ్ళ లోపు వాళ్ళు పెద్దవాళ్ళ తోడు లేకుండా ఉండకూడదని 2003 చట్టం చెబుతుంది. 16, 17 ఏళ్ళవాళ్ళు మాత్రం భోజనంతో పాటు బీరో వైనో తాగొచ్చు, అదీ పెద్దవాళ్ళు కొనిస్తేనే. పిల్లలు మామూలుగా వచ్చిపోయే చోటు కాబట్టి, ఒక మూల మాకు విడిచిపెట్టండి అని పెద్దలు అడిగితే అక్కడ దానికో అర్థం ఉంది. మన దగ్గర మంచి మూలలన్నీ ఎప్పుడూ మగవాళ్ళవే. పిల్లలకు ఇచ్చింది ఎప్పుడురా, వెనక్కి తీసుకోవడానికి?

ఇక పైన నీ బార్ సంగతి. పిల్లలు వద్దు అన్న బోర్డు అక్కడ పెట్టు. పెద్ద అక్షరాలతో పెట్టు. అక్కడ నేను నీకన్నా గట్టిగా ఉంటాను. ఎందుకో నీకు తెలుసు.

జీతం రోజు సాయంత్రం అయ్యేసరికి అవ్వ నన్ను దేశీ దారూ దుకాణానికి పంపేది. "బాపును తోల్కరా బిడ్డా, జేబులో పైసలున్నప్పుడే తోల్కరా" అనేది. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఒకసారి నువ్వూ వచ్చావు, బయట సైకిల్ పట్టుకుని నిలబడ్డావు. లోపలికి నేనొక్కణ్ణే పోయాను. నేలంతా తడి. చెక్క బల్లల మీద ఉడకబెట్టిన శనగలు, కాగితం ముక్కల్లో ఉప్పూ కారం. ఎవరో నన్ను ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోట్లో శనగలు పెట్టాడు. వాడి గడ్డం నా బుగ్గకు గుచ్చుకుంటోంది. ఆ వాసనకు ఊపిరి బిగబట్టుకున్నాను. ఇంతలో అటు మూల గొడవై సీసా పగిలింది. ఒక గాజు పెంకు ఎగిరి వచ్చి బాపు చెప్పులో పడింది. నాకు ఇంకేమీ గుర్తు లేదు, చెప్పులో ఆ పెంకు మెరవడం ఒక్కటే గుర్తుంది. బాపు మెల్లగా కాలు బయటికి తీసి, నా వేలు పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. బాపును తప్పు పట్టడానికి రాయడం లేదు. ఆ దుకాణం నిండా అంతమంది పెద్దలున్నారు, వాళ్ళలో ఒక్కరు కూడా 'ఈ పిల్లగాడు ఇక్కడెందుకు' అని అనలేదు. అది ఈ రోజుకీ గుండెలో ఉంది.

ఇప్పుడు ఇక్కడ పర్మిట్ రూముల్లో, అంటే మందు తాగే గదుల్లో, చూస్తున్నా. తండ్రి పక్కన కుర్చీలో ఆరేడేళ్ళ పిల్లవాడు, చేతికి ఫోన్ ఇచ్చి, ముందు చక్నా ప్లేటు జరిపి కూర్చోబెడతారు. మహారాష్ట్రలో మందు తాగడానికి 25 ఏళ్ళు నిండాలి, తేలిక బీరుకు 21. మీ తెలంగాణలో 21. ఆ లెక్క గ్లాసు ఎవరి చేతిలో ఉందన్నది చూస్తుంది. పక్క కుర్చీలో గంటలు గంటలు కూర్చున్న పిల్లవాణ్ణి నువ్వు చూడాలి. నీ బార్ మెట్ల దగ్గర ఒక మనిషిని పెట్టు. పిల్లవాడితో వస్తే, "కింద కూర్చోండి, భోజనం అక్కడికే తెస్తాం" అని చెప్పించు. ఒకరిద్దరు కోపం చేసుకుని పోతారు. పోనీ.

సిగరెట్టు సంగతి గుర్తు చేసుకో. 2008 అక్టోబరు 2 నుంచి హోటళ్ళలో పొగ తాగడం బంద్ అయింది. 30 సీట్లు, అంతకన్నా ఎక్కువ ఉన్న రెస్టారెంటు కావాలంటే పొగ తాగేవాళ్ళకు వేరే గది కట్టుకోవచ్చన్నారు. అంటే తాగేవాడు లేచి గదిలోకి పోవాలి, దగ్గేవాడు ఉన్నచోటే ఉంటాడు. మందు దగ్గర కూడా అదే పద్ధతి పెట్టమంటున్నా.

మరి నిమ్మళం అడిగేవాళ్ళ సంగతేంటి అంటావు. ముందు నీ హాలు చూడు. కింద గ్రానైట్, గోడలకు టైల్స్, రోడ్డు వైపు మొత్తం అద్దం. స్టీలు గ్లాసు ఒక్కటి కింద పడితే గుడి గంట మోగినట్టు మోగుతుంది. పిల్లలు లేకపోయినా నలుగురు మగవాళ్ళు గట్టిగా నవ్వితే అంతే. పైకప్పుకు శబ్దం పీల్చే షీట్లు కొట్టించు, అద్దాలకు మందం పరదాలు వెయ్యి. సగం గొడవ అక్కడే తగ్గుతుంది. రెండోది, పిల్లలు ఆకలికే అల్లరి చేస్తారు. చిన్నపిల్లలున్న టేబుల్‌కు పెద్దల ఆర్డరుతో పని లేకుండా ఐదు నిమిషాల్లో ఇంత పప్పన్నం, పెరుగు పెట్టించు. పెద్దవాళ్ళ బిర్యానీ వచ్చేసరికి వాళ్ళ కడుపు నిండి ఉంటుంది. ఫోన్‌లో బొమ్మలు చూడాలంటే సౌండ్ లేకుండా చూడాలి, అది పెద్దలకు కూడా. ఈ విషయంలో నేనూ తప్పు చేసినవాణ్ణే, చిన్ని ఫోన్ గట్టిగా పెట్టుకుంటే ఎన్నోసార్లు ఊరుకున్నాను. వంటింటి తలుపు నుంచి టేబుళ్ళ దాకా నేల మీద రంగు గీత వేయించు, ఆ గీతలోకి పిల్లలు రాకూడదని కూర్చునేటప్పుడే చెప్పించు.

అంతా చేసినా నిశ్శబ్దమే కావాలనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఆ మెట్ల పక్క గది ఇవ్వు. కిటికీ పెట్టించి, ఏసీ బిగించి, 'నిశ్శబ్దంగా కూర్చునేవారికి' అని రాయించు. వయసు రాయకు. బొమ్మలు వేసుకుంటూ గంటసేపు కిక్కురుమనకుండా కూర్చునే పిల్ల కూడా అందులో కూర్చోవచ్చు. ఫోన్‌లో అరిచే కాంట్రాక్టరు మాత్రం కూర్చోకూడదు. గది చిన్నదని వాళ్ళు గొణిగితే, నిశ్శబ్దం కోరేవాళ్ళు ఎప్పుడూ తక్కువమందేనని చెప్పు.

నీ పెన్సిల్ గీతల మీద నేను ఎర్ర పెన్నుతో మార్పులు పెట్టాను. ప్లాను ఇందులోనే మడిచి పెడుతున్నా. గ్రానైట్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకసారి చూడు. వచ్చే ఆదివారం నాకు సెలవు, పొద్దున రైలుకు బయలుదేరితే మధ్యాహ్నానికి నీ దగ్గరుంటా. చిన్ని కూడా వస్తానంటోంది. కిటికీ పక్క టేబుల్ ఎక్కడ వేస్తున్నావో తనకు చూపించాలట.

వదినకు, పిల్లలకు అడిగానని చెప్పు.

నీ
రాజన్న