వైరస్‌కు మా ఊరి పేరు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

2021 మే మొదటి వారం. ఢిల్లీలో ఉద్యోగం చేసే మా అన్న కొడుకు తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుని కూర్చున్నాడు. అంతలో ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చేవాళ్లు 14 రోజులు క్వారంటైన్ కేంద్రంలో ఉండాలని ఢిల్లీ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. రెండు డోసుల టీకా వేయించుకున్నవాళ్లకు కొంత సడలింపు ఉందట. వాడికి అప్పటికి ఒక్క డోసు కూడా పడలేదు. ఆంధ్రలో కొత్త రకం వైరస్ పుట్టిందన్నదే కారణం. టీవీలు దానికి ‘కర్నూలు స్ట్రెయిన్’ అని పేరు పెట్టేశాయి. మామూలు వైరస్ కంటే 15 రెట్లు ప్రమాదమన్న మాట ఫోను నుంచి ఫోనుకు పాకింది. ఆఫీసువాళ్లు ఫోనులో ‘మీది ఏ ఊరు’ అని అడిగితే, కర్నూలు అని చెప్పడానికి వాడు తడబడటం పక్కనే ఉండి విన్నాను. జీవశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఆ తడబాటు ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

అసలు ఆ వైరస్ సంగతేమిటి? కరోనా జన్యుక్రమంలో సుమారు 30,000 అక్షరాలుంటాయి. వైరస్ తన నకలు తీసుకునేటప్పుడు అక్షరాలు తప్పు పడుతుంటాయి. అలాంటి మార్పులు సగటున నెలకు రెండు చొప్పున నిలిచిపోతాయి. టీవీలు మా ఊరి పేరు పెట్టిన రకంలోని మార్పు పేరు ఎన్440కె. అంటే వైరస్ మీద ముళ్లలా ఉండే స్పైక్ ప్రొటీన్‌లో 440వ స్థానంలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం పోయి లైసిన్ అనేది వచ్చిందని అర్థం, అంతే. 2020లో దక్షిణాది రాష్ట్రాల నమూనాల్లో ఇది కనిపించింది. వాటిలో కర్నూలు నమూనాలూ ఉన్నాయి. నమూనా తీసిన చోటే వైరస్ పుట్టిందనుకోవడం పొరపాటు. మా పెద్దాసుపత్రికి గద్వాల నుంచి, రాయచూరు నుంచి, బళ్లారి నుంచి కూడా రోగులు వస్తారు.

2021 ఏప్రిల్ చివర్లో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తల పరిశోధనాపత్రం ఒకటి బయటికొచ్చింది. ప్రయోగశాలలో పెంచిన కణాల మీద ఎన్440కె ఉన్న వైరస్, అప్పటి ఒక రకం కంటే 10 రెట్లు ఎక్కువగా వృద్ధి చెందిందని అందులో ఉంది. మరో రకంతో పోలిస్తే 1,000 రెట్లు. అవి గాజుగిన్నెలోని కణాల లెక్కలు. సంతలో, పెళ్లిపందిట్లో, బస్సులో మనిషి నుంచి మనిషికి ఎంత వేగంగా సోకుతుందో ఆ లెక్క చెప్పదు. జనంలో జరిగింది వేరే. మే నాటికే ఎన్440కె తగ్గుముఖం పట్టింది, దాని చోటును బి.1.617 అనే మరో రకం ఆక్రమిస్తోంది. సీసీఎంబీ వాళ్లు ఆ వారంలోనే ఈ సంగతి చెప్పారు, కానీ హడావుడిలో ఎవరి చెవికీ ఎక్కలేదు. మన ఇళ్లను ఖాళీ చేసిన ఆ రెండో అలకు అసలు కారణం బి.1.617 కుటుంబమే. అందులోని ఒక శాఖకు మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘డెల్టా’ అని పేరు పెట్టింది. వేరియంట్లను పుట్టిన ఊళ్ల పేర్లతో, దేశాల పేర్లతో పిలవకూడదనే అప్పుడు గ్రీకు అక్షరాలు తెచ్చారు. మా ఊరికి మాత్రం ఆ మేలు నాలుగు వారాలు ఆలస్యంగా అందింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా శాస్త్రవేత్తలు బయటపెట్టిన ఒమిక్రాన్‌లో, స్పైక్ మీద 30కి పైగా మార్పులున్నాయి. వాటిలో ఎన్440కె కూడా ఒకటి! కర్నూలు నుంచి ఎవరూ మోసుకెళ్లలేదు. మన కణాన్ని పట్టుకునే కొక్కెం ఉన్న భాగంలో ఉంది ఆ స్థానం. అక్కడ మార్పు వస్తే కొన్ని యాంటీబాడీల నుంచి వైరస్ తప్పించుకోగలదు. అందుకే వేర్వేరు చోట్ల, వేర్వేరుగా అదే మార్పు తలెత్తింది. నిజం చెప్పినందుకు దక్షిణాఫ్రికాకు దక్కింది విమానాల నిషేధం. అలా చేస్తే రేపు ఏ దేశమైనా, ఏ జిల్లా అయినా ముందుకొచ్చి చెబుతుందా?

మన ప్రాంతం సిగ్గుపడాల్సిన పనేమీ చేయలేదు. 2020లో ఆంధ్ర, తమిళనాడుల్లో 84,965 మంది రోగులతో మెలిగిన 5,75,071 మంది వివరాలు సేకరించి చేసిన అధ్యయనం ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఎక్కువమంది రోగుల నుంచి కాంటాక్టుల్లో ఒక్కరికీ సోకలేదని, కొద్దిమంది నుంచే చాలామందికి పాకిందని ప్రపంచానికి అంత పెద్ద లెక్కతో చూపించింది ఈ నేల. ఎండలో ఇల్లిల్లూ తిరిగిన ఏఎన్‌ఎంల, ఆశా కార్యకర్తల కాళ్ల కష్టం ఆ అంకెల వెనుక ఉంది. హైదరాబాదులో సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ కలిసి మురుగునీటిలోనే వైరస్ జాడ కొలిచి, పరీక్షల్లో తేలినదానికంటే సోకినవాళ్లు ఎన్నో రెట్లున్నారని అంచనా కట్టాయి.

కరోనా జన్యుక్రమాలు చదవడానికి 2020 డిసెంబరులో కేంద్రం ఏర్పాటు చేసిన ప్రయోగశాలల కూటమి ఇన్సాకాగ్‌లోని తొలి 10 ప్రయోగశాలల్లో రెండు, సీసీఎంబీ, డీఎన్ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ, హైదరాబాదులోనివే. ఆ తర్వాత విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలోనూ జన్యుక్రమ ప్రయోగశాల పెట్టారు. ఇవి అలలు వచ్చినప్పుడే కాదు, ఏడాది పొడవునా జిల్లాల నమూనాలు చదవాలి. కర్నూలు, అనంతపురం, శ్రీకాకుళం పట్టణాల మురుగునీటినీ పరీక్షించాలి. ఫలితాలను తెలుగులో, నెలకొకసారి, ఫలానా రోజని చెప్పి ప్రకటించాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకూ ఇదే నా విన్నపం.

మీకూ ఒక విన్నపం ఉంది. కొత్త మ్యుటేషన్ అని వార్త వస్తే ఎన్ని నమూనాలు చదివారు, ఏ జిల్లాలవి, గత నెలతో పోలిస్తే దాని వాటా పెరిగిందా తగ్గిందా అని మీ విలేకరుల చేత అడిగించండి. ఆ జవాబులు లేకుండా శీర్షికలో ఊరి పేరు వేయకండి. వానాకాలంలో శ్రీశైలం, తుంగభద్ర నీటిమట్టాలు రోజూ ఒక గడిలో వేస్తారు, మేమూ పొద్దున్నే ముందు అదే చూస్తాం. దాని పక్కనే నెలకొకసారి ఈ లెక్కకూ అంత చోటివ్వండి.

— ఒక రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, కర్నూలు