రైల్లో కలిసిన పెద్దమ్మకు, ఇంకా చాలామందికి కృతజ్ఞతలు

శాలువా పూర్తయింది. తడిపి, పరుపు మీద సాగదీసి పరిచి, చుట్టూ పిన్నులు గుచ్చి ఆరబెట్టాను. పొద్దున అక్క బయల్దేరే ముందు తన చేతిలో పెట్టాను. వేళ్ళు ఇంకా లాగుతున్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

నాకు అల్లిక ఎవరూ నేర్పలేదు. వీడియోలు ఆపి ఆపి చూస్తూ నిట్, పర్ల్ అనే రెండు మూల కుట్లు నేర్చుకున్నాను. మొదటి టోపీ తలకు సరిగ్గా పట్టిన రోజు ఎంత పొంగిపోయానో! తర్వాత ఒక స్వెట్టర్‌కి చేతులు ఒక ఛాయ, ఒళ్ళు ఒక ఛాయ వచ్చాయి. లేబుల్ లేకుండా పంపిన ఉండలు వేరు వేరు డై లాట్లవట, అంటే ఒకే విడతలో రంగు వేసినవి కావట. అది కూడా తట్టుకున్నాను. కానీ ఈ లేసు శాలువా వేరు. అక్క చలిదేశం వెళ్తోంది కాబట్టి, టైముకి అందాలి.

రైల్లో అల్లుతుంటే సర్క్యులర్ సూదికీ, అంటే వైరుతో కలిపిన జంట సూదికీ, దాని వైరుకీ మధ్య అతుకు ఊడిపోయింది. మూడు వందలకు పైగా కుట్లు. సగం ఒక్కసారిగా జారిపోయాయి. నాకు చేతులు ఆడలేదు.

ఎదురు సీట్లో ఉన్న పెద్దావిడ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "లాగకు తల్లీ. ఎక్కడిదక్కడ వదిలెయ్. ఇది అసలు ఊలు, పోగుని పోగు పట్టుకునే ఉంటుంది. పట్టుదారమైతే ఈపాటికి కిందిదాకా పోయేది" అంది. మామూలు అల్లికలో కుట్టు జారితే క్రోషే సూదితో పైకి తెచ్చేయొచ్చు. లేసులో అలా కుదరదు. కావాలని వేసిన కన్నం ఏదో, జారిన కుట్టు ఏదో తెలియదు. నా డిజైన్‌లో ఒక వరుస కన్నాలు, తర్వాతి వరుస అంతా పర్ల్. ఆవిడ ఆ పర్ల్ వరుస దాకా దిగి, తన సంచిలోని మొద్దు సూదితో ఒక్కో కుట్టులోంచీ కుట్టుదారం దూర్చుకుంటూ పోయింది. ఆ పైనున్నదంతా విప్పేసింది. "ఇక ఇది ఎక్కడికీ పోదు" అంది. తర్వాత లెక్క చెప్పింది: ప్రతి కన్నమూ ఒక కుట్టు పెంచుతుంది, పక్కనే రెండు కలిపి అల్లితే ఒకటి తగ్గుతుంది, మొత్తం తేడా వస్తే ముందు కన్నాలే చూసుకోవాలి. ఏ వీడియోలోనూ నాకు ఇంత తేలిగ్గా అర్థం కాలేదు.

కొనుక్కుంటే పోయేదిగా అని ఆవిడ అనలేదు. ఆ మాట ఎంతమంది నోట విన్నానో. ఆవిడ అంచు మీద వేలు పెట్టి, "ఈ మూల నువ్వే మార్చావా? బాగా కుదిరింది" అంది. అంతే, అందరి ముందూ ఏడ్చేశాను. నా పనిని పనిగా చూసిన మొదటి మనిషి ఆవిడ. పేరు తెలిసేలోపే ఆవిడ దిగాల్సిన స్టేషన్ వచ్చేసింది. పెద్దమ్మా, మీరు ఇది చదివితే, మీ దారం పట్టి ఉంచిన కుట్లన్నీ నిలిచాయి. ఒక్కటీ పోలేదు.

అమ్మకీ, వంట చూసుకున్న మా ఆయనకీ థాంక్స్.

ఈ సూదుల కంపెనీలకు మాత్రం ఒక మాట చెప్పాలి. డిజైన్‌లో 8 నంబర్ అని ఉంటే 8 నంబరే తెప్పించాను. వచ్చింది 4 మి.మీ. సూది! అమెరికా లెక్కలో 8 అంటే 5 మి.మీ., పాత బ్రిటిష్ లెక్కలో 8 అంటే 4 మి.మీ. అక్కడ నంబరు పెరిగితే సూది లావు, ఇక్కడ నంబరు పెరిగితే సన్నం. ప్యాకెట్ మీద మి.మీ. అని వేయడానికి ఎంత ఖర్చవుతుంది? ఊడిన అతుకు గురించి అడిగితే "అరుగుదల, మా బాధ్యత కాదు" అన్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇలాంటివాటికే విసిగిపోయి మానేస్తారు.

అయ్యో, పై బెర్తు అబ్బాయి! అంతసేపూ ఫోన్ లైటు పట్టుకుని ఉన్నాడు, బాబూ నీకు చాలా థాంక్స్. సేఫ్టీ పిన్నులు తీసిచ్చిన కాలేజీ పిల్లలకూ. ఇంకా, 5 మి.మీ. సూది అప్పిచ్చిన కింది వాటా ఆంటీగారూ, రేపు పొద్దున్నే తెచ్చిస్తాను.