సీసా మీద ఒక లాట్ నంబరు, కాగితం మీద మరొకటి

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: యాంటీబాడీ స్క్రీనింగ్ సెల్స్‌తో వచ్చిన తప్పు యాంటీగ్రామ్, దానిపై మీ సిబ్బంది నిర్లక్ష్యం.

ఆర్యా,

మీ సంస్థ మా రక్తనిధి ప్రయోగశాలకు పంపిన స్క్రీనింగ్ సెల్స్ (రోగి రక్తంలో యాంటీబాడీలను వెతకడానికి వాడే ఎర్ర రక్తకణాలు) పెట్టెలో సీసాల మీద ఒక లాట్ నంబరు, లోపలి యాంటీగ్రామ్ (ఆ కణాల మీది యాంటిజెన్‌లు అనే గుర్తుల పట్టిక) మీద మరొక లాట్ నంబరు ఉన్నాయి. ప్యాకింగులో కాగితాలు తారుమారు కావడం ఎక్కడైనా జరిగేదే కాబట్టి, కేవలం అందుకోసమైతే ఈ లేఖ రాసేవాడిని కాను. సరైన కాగితం పంపండని అడిగిన పాపానికి మీ సిబ్బంది మమ్మల్ని తిప్పిన తీరు గురించి రాస్తున్నాను.

మొదట ఫోన్ ఎత్తిన ఉద్యోగి యంత్రం సీరియల్ నంబరు చెప్పమన్నారు. ఇది యంత్రం కాదు, ఎర్ర రక్తకణాలని ఎంత వివరించినా, సీరియల్ నంబరు లేనిదే ఫిర్యాదు నమోదు కాదన్నారు. చివరికి ఆయన సలహా మీదే, గతంలో మీరే అమ్మిన సెంట్రిఫ్యూజ్ నంబరుతో ఫిర్యాదు నమోదైంది. దాని ఫలితంగా మెకానిక్ ఒకరు పనిముట్ల సంచితో వచ్చి, చక్కగా తిరుగుతున్న సెంట్రిఫ్యూజ్‌ను విప్పి, మళ్లీ బిగించి, లోపమేమీ లేదని మా టెక్నీషియన్ చేత సంతకం పెట్టించుకుని వెళ్లారు. ఆ సంతకాన్నే ఆధారంగా చూపి మీరు ఫిర్యాదును పరిష్కారమైనట్టు మూసివేశారు. పైగా సేవ ఎలా ఉందో మార్కులు వేయమని సందేశం కూడా పంపారు.

మళ్లీ మొరపెట్టుకుంటే, సాంకేతిక సలహాదారు పేరుతో మాట్లాడిన మరొకరు మా ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉన్నదని రుజువు చేయమన్నారు. కణాలు చెడిపోయాయని మేమెక్కడా అనలేదు. అయినా ఉష్ణోగ్రత పట్టికలు, సీసాల ఫోటోలు, కాగితం ఫోటో అన్నీ పంపాము. బదులుగా ఎంతో ఔదార్యంతో ఆ తప్పు కాగితాన్నే, ఈసారి రంగుల్లో, మెయిల్ చేశారు.

వీటన్నిటికీ ఓర్చుకున్నా, మీ అమ్మకాల ప్రతినిధి అన్న మాటను మాత్రం మరచిపోలేకపోతున్నాను. ‘అన్నీ ఓ (O) గ్రూపు కణాలే కదండీ, ఏ కాగితమైతే ఏమిటి?’ అన్నారు. రోగి సీరంలోని యాంటీ-ఎ, యాంటీ-బి అడ్డుపడకుండా ఉండడానికే ఓ గ్రూపు దాతలను ఎంచుకుంటారు. ఆ దాతల్లో ఎవరి కణాల మీద ఏ ఇతర యాంటిజెన్‌లు ఉన్నాయో చెప్పేదే యాంటీగ్రామ్. లాట్ మారితే దాతలు మారతారు, దాతలు మారితే పట్టిక మారుతుంది. ఎ, బి, ఓ గ్రూపులను కనుగొన్న లాండ్‌స్టైనర్ 1901లో తన పరిశోధనను ప్రచురించిన నాటికైతే మీ ప్రతినిధి మాట చెల్లేదేమో. తరువాత 1946లో కెల్, 1950లో డఫీ, 1951లో కిడ్ అనే ఇతర రక్తవర్గ వ్యవస్థలు వెలుగులోకి వచ్చాయి. ఆ వార్త మీ అమ్మకాల విభాగానికి ఇంకా చేరినట్టు లేదు.

అప్పటికే మా బల్ల మీద, తరచూ రక్తం ఎక్కించుకునే ఒక రోగి నమూనా ఉంది. కణాలకు అంటుకున్న యాంటీబాడీని బయటపెట్టే కూంబ్స్ దశలో రెండవ సీసా కణాలతో మాత్రమే, అదీ కళ్లు చికిలించి చూస్తే తప్ప కనిపించనంత బలహీనంగా, గుచ్ఛీకరణ (కణాలు గుంపుకట్టడం) వచ్చింది. మాకు కిడ్ యాంటీబాడీ మీద అనుమానం. కొంతకాలానికి పరీక్షకు అందనంతగా తగ్గిపోయి, ఆ యాంటిజెన్ ఉన్న రక్తం మళ్లీ ఎక్కించాక విజృంభించి, కొన్ని రోజులకు ఆ కణాలను నాశనం చేసే యాంటీబాడీ అది. యాంటిజెన్ తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వచ్చి రెండు మోతాదుల్లో ఉన్న కణాలతోనే అది స్పష్టంగా పలుకుతుంది కనుక, ఏ సీసాలో ఏ కణాలున్నాయో తెలియకుండా దేన్నీ తోసిపుచ్చలేము. చివరికి మరొక ప్రయోగశాల నుంచి ప్యానెల్ (యాంటిజెన్‌లు తెలిసిన పలువురు దాతల కణాల సీసాల సెట్టు) అరువు తెచ్చి, యాంటీబాడీని గుర్తించి, ఆ యాంటిజెన్ లేని రక్తం ఇవ్వగలిగాము. ఈ సంగతి చెబితే మీ ప్రతినిధి, ‘అయితే సమస్య తీరినట్టే కదా’ అని చేతులు దులుపుకున్నారు.

పరీక్షలన్నీ గాజు గొట్టాల్లో చేసే రోజుల నుంచి జెల్ కార్డుల దాకా మీ సరుకే వాడుతున్నాము. తక్కువ ధరకు ఇస్తామని ఇతరులు వచ్చినా మిమ్మల్ని వదలలేదు. తోటి రక్తనిధులకు మీ పేరు చెప్పింది కూడా మేమే. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి మాకు సీరియల్ నంబరు అవసరం లేదని గమనించగలరు.

మా సీసాల లాట్‌కు చెందిన యాంటీగ్రామ్‌తో పాటు, ఇదే తప్పుడు కాగితం ఇంకెన్ని ప్రయోగశాలలకు వెళ్లిందో, వారిని హెచ్చరించారో లేదో లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఫోనులో బుజ్జగింపులు మాకు వద్దు. ఈ సెల్స్ గడువు వారాల్లో ముగిసిపోతుంది. అది ముగిసేదాకా మీరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటే, మీ మెకానిక్ తీసుకున్న సంతకం కాగితం సహా ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఔషధ నియంత్రణ అధికారుల ముందు పెడతాము, తదుపరి ఆర్డరును మరో సంస్థకు ఇస్తాము.

ఇట్లు,
రక్తనిధి ప్రయోగశాల బాధ్యుడు