నైట్ గార్డ్ పళ్ళు కొరకడాన్ని ఆపదు

ఎడిటర్ గారికి,

నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళు నైట్ గార్డ్ (రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగు) పెట్టుకుంటే సమస్య తీరిపోతుందని మీ ఆరోగ్యం పేజీలో రాశారు. ఆ ఒక్క మాట దగ్గరే నాకు పేచీ. నేనూ అలాగే అనుకుని, రెండు నెలలకే దాన్ని సొరుగులో పడేశాను. పొద్దున లేచి చూస్తే గార్డు మీద కొత్త గీతలు, వెనక దంతాల దగ్గర అరిగి నున్నబడ్డ మచ్చ, కణతల్లో నొప్పి ఎప్పటిలాగే, ఇంత ఇబ్బంది పడి నోట్లో పెట్టుకుని ఏం లాభం అని విసుగొచ్చింది. తర్వాత డెంటిస్టుకు చూపిస్తే ఆవిడ ఆ గీతల మీద వేలు పెట్టి, "ఇవన్నీ మీ పళ్ళ మీద పడాల్సినవి" అన్నారు. అప్పటిగ్గానీ నాకు బుర్రకెక్కలేదు.

పంటికి బదులు గార్డు అరుగుతుంది, అంతే. పంటి పైనుండే గట్టి పొర, ఎనామిల్, పోతే మళ్ళీ పెరగదు, గార్డు పోతే ఇంకొకటి చేయించుకోవచ్చు. కొరకడానికి కారణాలు వేరే: టెన్షన్, మందు, సిగరెట్, కాఫీ ఎక్కువవడం, కొందరిలో డిప్రెషన్‌కు వాడే మాత్రలు. గట్టిగా గురకపెడుతూ నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడి లేచేవాళ్ళయితే గార్డు చేయించుకునే ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, అది స్లీప్ ఆప్నియా కావచ్చు.

వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికి అచ్చు తీసుకునే రెడీమేడ్ రకం నేనూ వాడాను. నాలాగా గట్టిగా బిగించేవాళ్ళు దాన్ని నమిలి పారేస్తారు. పళ్ళ అచ్చు తీసి చేసే గట్టి రకం మొదట్లో నోట్లో రాయి పెట్టుకున్నట్టుంటుంది గానీ నిలబడుతుంది. దాన్ని కడగడానికి మాత్రం చన్నీళ్ళే వాడాలి. శుభ్రమవుతుందని ఒకటి మరిగే నీళ్ళలో వేశాను, వంకరపోయి మళ్ళీ పళ్ళకు ఎక్కలేదు.

మీ పేజీలో అసలు రానిది పగటి సంగతి. పెదాలు మూసి ఉన్నా లోపల పైపళ్ళూ కిందిపళ్ళూ తగలకుండా ఉండాలి, తినేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప. చెప్పడం తేలికే. ఈ ఉత్తరం రాస్తూనే మూడుసార్లు దవడ బిగించి ఉండటం గమనించి వదులు చేసుకున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు